నేను దేశాన్ని తిప్పిన రోజు

జేబులోంచి ఫోన్ తీసి ఎక్కడున్నామో చూసుకునే అలవాటు ఇంకా రాని రోజుల్లో, దిక్కులు తెలిసిన మనిషికి మా నాంపల్లిలో ఒక మర్యాద ఉండేది. మిగతా వాళ్లందరం గుర్తుల మీద బతికేవాళ్లం. స్టేషన్ ఎదురుగా, పోస్టాఫీసు దాటాక, మిఠాయి దుకాణం పక్కన అంటే చాలు, ఎవరైనా ఎక్కడికైనా చేరుకునేవారు. తూర్పు ఎటని అడిగితే మాత్రం తెల్లారేదాకా ఆగమనేవాళ్లం. కాని ఇల్లు కట్టుకునే వేళ వచ్చేసరికి ప్రతివాడికీ ఒక్కసారిగా ఎనిమిది దిక్కులూ కావలసి వచ్చేవి. అప్పుడు అందరూ మా బడికి వచ్చి డ్రాయింగ్ సార్ ఉన్నారా అని అడిగేవాళ్లు. ఈ నాలుగు మాటలూ ఆయన కోసమే రాస్తున్నాను. ఆయనకు దిక్కులు తెలియవని పాతికేళ్లుగా ఒక నింద ఉంది. ఆ నింద నాది. నేను ఆయన దగ్గర పెట్టి మరిచిపోయినట్టు నటించాను.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో, కింద కిరాణా కొట్టూ పైన రెండు అంతస్తుల బడీ ఉన్న భవనంలో సోషల్ చెప్పడానికి చేరాను. డ్రాయింగ్ సార్ నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. పిల్లలు ఆయనను చాటుగా 'మూలల సార్' అనేవాళ్లు. బడి వదలగానే జేబు రుమాలులో చుట్టిన ఇత్తడి దిక్సూచి పట్టుకుని కోఠి, చాదర్‌ఘాట్, అఫ్జల్‌గంజ్ ఎక్కడ ఇల్లు లేస్తుంటే అక్కడికి వెళ్లి వంటిల్లు ఎటుండాలో, బరువు ఎటు పెట్టాలో చెప్పి వచ్చేవారు. వాళ్లిచ్చే చాయ్ తప్ప ఇంకేమీ ముట్టేవారు కాదు. వాళ్ల నాయన కూడా మూలలు చెప్పినవాడేనట. మా కరస్పాండెంట్ (బడి ఆయనది, కింద కిరాణా కొట్టూ ఆయనదే) మెహదీపట్నం వైపు కట్టబోతున్న ఇంటికి పునాది ముగ్గు పోయించే పని కూడా ఈయనకే అప్పజెప్పాడు. మూలల సార్ ఆ సంగతి ఎవరూ అడక్కుండానే నాలుగైదు సార్లు స్టాఫ్ రూములో చెప్పారు. అంత సంతోషం.

ఆ ఏడు మిరుగు కార్తె దాటి నెలైనా ఊళ్లో చుక్క పడలేదు. బడిలో ఎగ్జిబిషన్ పెట్టాలని కరస్పాండెంటుకు బుద్ధి పుట్టింది. నన్ను పిలిచి, మంచిగా చేస్తే పర్మనెంట్ చేస్తానన్నాడు. (మా నాన్న అప్పటికే పెళ్లి సంబంధం వాళ్లతో నేను పర్మనెంటేనని చెప్పేశాడు. అందువల్ల ఆ మాటను నిజం చేసే భారం నా మీద పడింది.) పెద్ద టేబుల్ మీద మొత్తం దేశాన్ని కట్టి, దాని మీద నిజం వాన కురిపిస్తానని నేను మాటిచ్చేశాను. కొండలు మూలల సార్ చేస్తారు, మనుషులూ పంటలూ నేను చూస్తాను అని పంచుకున్నాం.

దేశం నలుమూలల సరుకు కోసం నేను నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ దాకా నడిచాను, అంతే. అంతకన్నా దూరం పోవలసిన పనే పడలేదు. గుజరాతీ బట్టల కొట్టు సేటు పిడికెడు పత్తి ఇచ్చాడు. అరవ మెస్సు అయ్యర్ పచ్చి కొబ్బరి పీచు ఇచ్చి, కేరళ అంటే పక్కింటి మలయాళీ నర్సును అడగమన్నాడు, తనది తంజావూరట. మార్వాడీ ముసలాయన థార్ ఎడారికి ఇసుకెందుకు, తన దుకాణం ముందు దుమ్ము ఉంది కదా తీసుకుపొమ్మన్నాడు. గోధుమలు పంజాబు నుంచి కాక కింద కిరాణా కొట్టు నుంచి వచ్చాయి. అస్సాం దగ్గర నేను పోసిన టీ పొడిని మూలల సార్ వేలితో తీసి వాసన చూసి, "తమ్మీ, గిది ఇరానీ హోటల్ చాయ్‌పత్తి. ఒకసారి కాసినంక ఎండబెట్టినవ్. అస్సామోళ్లు వస్తే ఏం చెప్తవ్?" అన్నారు. అస్సామోళ్లు రారని చెప్పాను. "నాంపల్లికి రానోళ్లెవలున్నరు?" అన్నారాయన.

వాన యంత్రం సంగతి చెప్పాలి. టేబుల్‌కే ఒక కర్ర బిగించి, అరేబియా సముద్రం మీద చిల్లుల డబ్బా వేలాడదీశాం. నైరుతి మూల నుంచి స్టాండు ఫ్యాన్ తిప్పితే జల్లు వెళ్లి పడమటి కనుమలకు కొట్టుకుని అక్కడే కురవాలి, కొండలకివతల మన దక్కను పొడిగా ఉండాలి. ముందురోజు సాయంత్రం మూలల సార్ దిక్సూచి పెట్టి చూసి, టేబుల్ మీద దేశాన్ని గది దిక్కులకు సరిగ్గా కలిపి, ఫ్యాన్‌ను గదిలో నైరుతి మూలన నిలబెట్టి, స్టాండును కిటికీ ఊచకు తాడుతో కట్టేశారు. నీళ్లు పోసి చూశాం. కేరళ తడిసింది, హైదరాబాద్ తడవలేదు. ఆయన ముఖంలో ఇల్లు నిలబెట్టినవాడి తృప్తి కనిపించింది.

మర్నాడు పొద్దున ఆయన ముఖ్య అతిథిని తీసుకురావడానికి గేటు దగ్గరికి వెళ్లారు. అప్పుడు నాకొక తెలివి తోచింది. గది తలుపు ఉత్తరాన ఉంది. లోపలికొచ్చేవాళ్లకు మొదట హిమాలయాల వీపు కనబడుతోంది. అంత పెద్దమనిషికి దేశాన్ని వెనక నుంచి చూపించడం మర్యాద కాదనిపించింది. పదో తరగతి పిల్లలను నలుగురిని పిలిచి, టేబుల్‌ను సగం చుట్టు తిప్పించాను. ఇప్పుడు కన్యాకుమారి తలుపు దగ్గర నిలబడి స్వాగతం చెబుతోంది. హిమాలయాలు వెనక గోడ వైపు వెళ్లిపోయాయి. ఎంత బాగుందో అనుకున్నాను. ఫ్యాన్ సంగతి నాకు గుర్తే లేదు.

ముఖ్య అతిథి తెల్లటి సఫారీ సూట్‌లో వచ్చి అరేబియా సముద్రం పక్కనే నిలబడ్డాడు. ఎనిమిదో తరగతి అమ్మాయి చేతిలో బెత్తం పట్టుకుని, నైరుతి రుతుపవనాలు సముద్రం మీది తేమను మోసుకుని భూమి మీదికి వస్తాయని గడగడా అప్పజెబుతోంది. డబ్బాలో నీళ్లు పోశారు, స్విచ్ వేశారు. గాలి టిబెట్టులో పుట్టింది. హిమాలయాలు దాటి, అస్సాం చాయ్‌పత్తిని లేపుకుని, థార్ దుమ్మును దానికి కలుపుకుని, దేశమంతా దాటి, సముద్రం మీది జల్లును ఎత్తి ముఖ్య అతిథి మీద కొట్టింది. ఆ ఏడు హైదరాబాద్‌లో మొదటి వాన ఆయన ఒక్కడి మీదే పడింది. అమ్మాయి పాఠం ఆపలేదు. "దీనివల్ల రైతులు ఎంతో సంతోషిస్తారు" అని ముగించింది.

ఫ్యాన్ ఆపేసరికి ఆ తెల్ల సూటు బురద రంగుకు మారింది. కరస్పాండెంట్ గొంతు తగ్గించి, ఫ్యాన్ అక్కడ ఎవరు పెట్టారని అడిగాడు.

"నేనే సార్. నైరుతిల పెట్టిన" అన్నారు మూలల సార్.

"గిది నైరుతా? బచ్చగాడు చూసి చెప్తడు కద సార్, గిది హిమాలయాల వెనక. నా ఇంటికి గిట్లనే ముగ్గు పోస్తుంటిరా?"

ఆయన జేబులోంచి దిక్సూచి తీశారు. ముల్లు ఆయన వైపే ఉంది. కాని అందరూ దేశాన్ని చూస్తున్నారు, ముల్లును ఎవరు చూస్తారు? ఆయన టేబుల్ వైపు చూశారు, తలుపు దగ్గర నిలబడ్డ కన్యాకుమారిని చూశారు, తర్వాత నన్ను చూశారు. నేను ఎవరెస్టు మీద దూది సర్దుతున్నాను. ఒక్క మాట చాలు: టేబుల్ నేను తిప్పాను. ఆ మాట గొంతు దాకా వచ్చి, పర్మనెంట్ అనే మాటకు దారిచ్చి పక్కకు తప్పుకుంది.

"పొరపాటైంది సార్" అన్నారు మూలల సార్, దిక్సూచిని రుమాలులో చుట్టుకుంటూ.

ముగ్గు ఇంకెవరో పోశారు. సోమవారానికి మూలల సార్ పేరు 'ఉల్టా నైరుతి'గా మారింది. ముందు పిల్లలు, తర్వాత మిగతా సార్లూ అన్నారు. (నేను కూడా ఒకటి రెండుసార్లు నవ్వాను. అనలేదు, నవ్వాను. తేడా ఉందనుకునేవాణ్ని.) కోఠి నుంచి, చాదర్‌ఘాట్ నుంచి పిలుపులు తగ్గి, దసరా నాటికి ఆగిపోయాయి. నన్ను పర్మనెంట్ చేశారు. పెళ్లయింది. పెళ్లిలో మూలల సార్ చిన్న పొట్లం నా చేతిలో పెట్టి, "ఉంచు తమ్మీ, నీకు పనికొస్తది" అన్నారు. విప్పితే ఇత్తడి దిక్సూచి. ఆయనకు తెలిసే ఇచ్చారా, తెలియక ఇచ్చారా అన్న అనుమానం నాకు పాతికేళ్లు నడిచింది.

మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య ఆయన కనిపించారు. చిరిగిన అట్లాసు ఒకటి పట్టుకుని బేరమాడుతున్నారు. నన్ను గుర్తుపట్టి, సగం వయసు మర్చిపోయి భుజం తట్టారు. అక్కడే, బస్సుల మోతలో, చెప్పేశాను.

"గిదా?" అన్నారు. "నాకు గప్పుడే ఎరుక. కన్యాకుమారి తలుపు కాడికొచ్చి నిలబడితే కండ్లు లేవా నాకు? నేను ఫ్యాన్ తిప్పలే, నువ్వు దేశాన్ని తిప్పినవ్."

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నీ నౌకరి పోతుండె. నువ్వే చెప్తవని చూసిన. తెల్లారి చెప్తడు, ఐతారం చెప్తడు అని. జర లేటైంది, గంతే." అట్లాసులో మడతపడ్డ పేజీ ఒకటి సరిచేశారు. "నాకు చెప్తే ఏం ఫాయిదా తమ్మీ, నాకు తెలిసిందే కద. ఉల్టా నైరుతి అన్నోళ్లకు చెప్పు."

ఆ సాయంత్రమే మా బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో అంతా రాశాను, ఏదీ దాచలేదు. పది నిమిషాల్లో చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. ఉల్టా నైరుతి సార్ తప్పును ఇన్నేళ్ల తర్వాత తన మీద వేసుకుంటున్న గురువుగారి పెద్ద మనసుకు పాదాభివందనాలట. ఆనాడు పాఠం అప్పజెప్పిన ఆ అమ్మాయి (ఇప్పుడు ఎక్కడో హెడ్‌మిస్ట్రెస్) నాలాంటివాళ్లు అరుదని ప్రత్యేకంగా రాసింది. కాదమ్మా, నిజమే చెబుతున్నానని మళ్లీ రాస్తే ఇంకా ఎక్కువ దండాలు వచ్చాయి.

సిగ్గుపడుతూ మూలల సార్‌కు ఫోన్ చేసి చదివి వినిపించాను. చాలాసేపు నవ్వి, "ఏంది తమ్మీ, గప్పుడు చెప్పకున్నా నువ్వే గెలిస్తివి, గిప్పుడు చెప్పినా నువ్వేనా?" అన్నారు.

అందుకే ఇక్కడ అచ్చులో రాస్తున్నాను. ఫ్యాన్ నైరుతిలోనే ఉంది. మా కొత్త ఫ్లాటుకు మూలలు చూడడానికి వచ్చే వారం ఆయన వస్తానన్నారు, దిక్సూచి మాత్రం నన్నే సిద్ధంగా పెట్టుకోమన్నారు. తీసి తుడిచి బల్ల మీద పెట్టాను. ముల్లు కాస్త వణికి, ఎవరినీ అడక్కుండా ఉత్తరానికి నిలిచింది. ఎవరెస్టు మీద దూది సర్దుతూ తలెత్తని ఆ ఇరవై నాలుగేళ్ల వాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఒరేయ్, ఆ కొండ మీద మంచు అప్పటికే సరిపోయింది, తల ఎత్తాల్సింది.