గీసే చెయ్యి మారింది

డెబ్భై ఆరులో ఒక మంగళవారం, మధ్యాహ్నం మూడింటికి బెజవాడ స్టేషన్లో కొండపల్లి బండి కోసం కూర్చున్నాను. నేను చెక్కిన రాముడి మొహం మా నాన్న చెక్కినట్టు లేదని బొమ్మల కొట్టువాడు తిప్పి ఇచ్చేస్తే, దాన్ని బుట్టలో పెట్టుకొచ్చాను. ఇక ఉలి పట్టకూడదనుకున్నాను.

పక్కన ఒకావిడ రెండు బొమ్మల పుస్తకాలు తిరగేస్తోంది. రెండిట్లోనూ అదే వేషంలో ఎగిరే వీరుడు. పాతదానిలో నవ్వుమొహం, కొత్తదానిలో కండలు, కోపం.

"తండ్రీ కొడుకులా అమ్మా?"

"ఒక్కడేనండీ. గీసే చెయ్యి మారింది. పైన పేరు చూడండి."

"నాకు చదువు రాదు."

"పోల్చడం వచ్చుగా."

వేలు పెట్టి అక్షరం అక్షరం పోల్చాను. ఒకటే పేరు.

ఉలి వదల్లేదు, రాముడి మొహమూ మార్చలేదు. ఆ ఏడాదే అక్షరాలు దిద్ది, ఆ బొమ్మ కింద నా చేత్తో 'రాముడు' అని రాశాను.

ఆ రోజు అక్కడున్నది ఆవిడ, నేను, బుట్టలో మా రాముడు, పుస్తకాల్లో ఆ ఒక్కడు.