నాలుగో పిన్ను

యుద్ధకాలంలో మా స్క్వాడ్రన్‌కు వాతావరణం కబురుతోనే తెల్లవారేది. పైలట్లు పటం చుట్టూ చేరేసరికి మెకానిక్కులు పెట్రోలు నింపేవారు. ఆయుధాల మనుషులు తూటాల పట్టీలు ఎక్కించి, ఒక్కో విమానం రెక్కల కింద రెండేసి బాంబులు బిగించేవారు. దిగిన విమానాన్ని నలభై నిమిషాల్లో మళ్ళీ పంపాలి. ఆ పనులన్నిటికీ బాధ్యుణ్ణి నేను.

ప్రతి బాంబుకూ ముందొకటి, వెనకొకటి పిన్ను ఉంటుంది. అవి తీయకపోతే బాంబు పేలదు. రన్‌వే అంచున నాలుగూ తీసి, వాటికి కట్టిన ఎర్ర గుడ్డ పీలికలు కనబడేలా పైకెత్తాలి. పైలట్ లెక్కపెట్టి తల ఊపుతాడు. ఆ తర్వాతే విమానం కదులుతుంది.

పదకొండేళ్ళుగా ఆ తలవూపు అందుకున్నవాణ్ణి అందరూ 'చాదస్తం' అని పిలిచేవారు. వేళ్ళు మొద్దుబారి అతనికి మూడు నిమిషాలు పడుతూంటే, గడియారం పెట్టి కొలిచి, ఆ పనిని అతని బావమరిదికి అప్పగించింది నేనే. బావమరిదికి ఒక్క నిమిషం చాలు. ఆ రోజు నుంచీ చాదస్తం కడుపు రగిలిపోయింది. తనకిచ్చిన వేరే పని ముగించుకుని మరీ వచ్చి, రన్‌వే అంచున చేతులు కట్టుకుని నిలబడేవాడు.

పీలికలను మిషను మీద అంచు మడిచి కుట్టేది అతని భార్య. ఆమే తర్వాత నాకు చెప్పింది.

"మా తమ్ముడి చేతిలో పీలికలు ఎంత నిండుగా ఉన్నాయో అంటున్నారు అందరూ," అందట ఒకపూట.

"అయితే వాడికే వడ్డించు," అని కంచం ముందు నుంచి లేచాడట.

"సొంత బావమరిదితో పోటీ ఏమిటండీ?"

"పోటీ ఎవడికే? పిన్నులెత్తమంటే ఫొటోకి నిలబడ్డట్టు నిలబడతాడు వాడు!"

ఒక ఉదయం, నది దాటుతున్న మన సైనికులకు దారి చేయడానికి విమానాలు వెళ్ళాలి. బావమరిది నాలుగు పిన్నులు ఎత్తాడు. పైలట్ తల ఊపాడు. చాదస్తం ఒక్క ఉదుటున వెళ్ళి, విమానం ముక్కున తిరుగుతున్న పంకాకు పదడుగుల దూరంలో చేతులు చాపి నిలబడ్డాడు.

"తప్పుకో బావా! పిచ్చెక్కిందా?"

"నాలుగోదానికి అంచు లేదురా! మీ అక్క కుట్టింది కాదది!"

ఎడమ బాంబు వెనక పిన్ను వంగి ఇరుక్కుపోయింది. ఆలస్యానికి జడిసి, బావమరిది జేబులో ఉన్న, అంచు కుట్టని పీలిక గల పాత పిన్నును మిగతా మూడింటితో కలిపి చూపించాడు. చాదస్తం పట్టకారుతో అసలుదాన్ని లాగి, తానే పైకెత్తాడు.

విచారణలో చాదస్తాన్ని అడిగాను: "నీకెలా కనబడింది?"

"రోజూ వాడి చేతులే చూస్తున్నాను సార్, ఎప్పుడు తప్పు చేస్తాడా అని."

"ఊరుకుంటే వాడి పని ఊడేది కదా?"

"ఊడేదే. కానీ దొంగ పిన్నుకి ఆ తలవూపా? నా వల్ల కాలేదు సార్."

"నది దగ్గర మనవాళ్ళు గుర్తురాలేదా?"

"తర్వాత గుర్తొచ్చారు. అబద్ధమెందుకు?"

ఆ మాటల్ని ఉన్నదున్నట్టే నమోదు చేశాను. బావమరిది చేసిన మోసం కిందనే, నేను గడియారాన్ని మాత్రమే నమ్మిన సంగతీ రాశాను. ఇకపై పిన్నులు తీసేది బావమరిది, అందుకుని చూపేది చాదస్తం అని తేల్చాను.

మర్నాడు మొదటి విమానానికి ఇద్దరూ నిలబడ్డారు. చాదస్తం ఒక్కో పీలిక అంచునూ వేలితో తడిమి, నాలుగూ ఎత్తాడు. పైలట్ తల ఊపాడు.

"నాకే ఊపాడు," అన్నాడు చాదస్తం.

"తీసింది నేను బావా."

"చూపింది ఎవడ్రా?"

రెండో విమానం అప్పటికే వచ్చి ఆగింది. బావమరిది రెక్క కిందికి దూరాడు. చాదస్తం అతని చేతుల మీంచి చూపు తిప్పలేదు.