పుంగనూరు గోడ మీద పడిన అక్షరాలు

అది 2024 వేసవి. మదనపల్లెలో నాకు చిన్న షాపు ఉంది. కంప్యూటర్లు అమ్ముతాను, రిపేర్లు చేస్తాను, ఈమధ్య హోమ్ థియేటర్లు కూడా బిగిస్తున్నాను. టమాటాకు రేటు పలికిన ఏడాది చుట్టుపక్కల ఇళ్లల్లో పెద్ద పెద్ద తెరలు లేస్తాయి. రేటు పడిపోతే పాత కీబోర్డుకు కూడా గీచి గీచి బేరమాడతారు. ఆడది డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని నిచ్చెన ఎక్కితే నోరెళ్లబెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చూడనీ, చూస్తే నాదేం అరిగిపోతుంది?

పుంగనూరులో సిమెంటు దుకాణం నడిపే కృష్ణప్ప గారి కొడుకు మహేశ్ ఒక రోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. "అక్కా, మిద్దె మీద కొత్త తెర పెట్టినాము. కారు గేమ్ ఆడతాంటే స్పీడు మీటరు తెర కింద గోడ మీద పడతాండాది. నువ్వొకసారి వచ్చి సూడక్కా" అన్నాడు. సామాను బ్యాగులో వేసుకుని స్కూటరు తీశాను.

గుమ్మంలోనే కృష్ణప్ప గారు ఎదురయ్యారు. "ఏమ్మా, నువ్వొక్కదానివే వచ్చినావా? ఇంగెవురూ రాలేదా?"

"నేను చాలకపోతే అప్పుడు పిలుద్దాంలేప్పా ఊరందరినీ" అన్నాను. ఆయన నవ్వేసి పైకి దారి చూపించారు.

గది బాగా కట్టించారు. గోడంతా నల్లరంగు, మధ్యలో సినిమా హాల్లో ఉన్నట్టు బారుగా తెల్లటి తెర. ఈ బారు ఆకారాన్ని కంప్యూటర్ల భాషలో అల్ట్రావైడ్ అంటాం. చిక్కేమిటంటే ప్రొజెక్టర్ ఇచ్చే బొమ్మ అంత బారుగా ఉండదు, మామూలు టీవీ ఆకారంలో ఉంటుంది. దాని వెడల్పును తెరకు సరిపెడితే పైనా కిందా మిగిలింది గోడ మీద పడుతుంది. సినిమాల్లో ఆ మిగులు ఉత్త నల్లపట్టీయే కాబట్టి నల్లగోడలో కలిసిపోతుంది. గేమ్‌లో మీటర్లూ మ్యాపులూ ఉండేది అక్కడే. బిగించినవాళ్లెవరో గాని ఒక సినిమా వేసి చూపించి చేతులు దులుపుకున్నారు.

నేను కంప్యూటర్ నుంచి ప్రొజెక్టర్‌కు వెళ్లే వైర్లు చూస్తుంటే కృష్ణప్ప గారు వెనక కుర్చీలో కూలబడ్డారు. "ఈ గది మా ఇంటామె కోసరమే కట్టించినానమ్మా. జొరమొచ్చి చెవులు పోయినాయి. సినిమా అంటే ప్రాణం ఆమెకు. కింద టీవీలో అక్షరాలు సదువుకుంటా సూస్తా ఉండె. ఆ టీవీ దుకాణానికి పెట్టేసి ఇంత పెద్దది కట్టిస్తే, ఇప్పుడు మెట్లే ఎక్కదు. కాళ్లు నొప్పంట! ఈ పొద్దు కుప్పం నుంచి వాళ్ల అక్కచెల్లెండ్లు వస్తాండారు. వాళ్లతో కూడా కూర్చోలేదనుకో, రేపే తెర పీకేసి సిమెంటు మూటలు పెట్టుకుంటా."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. పాపం, బాగా నొచ్చుకున్నారు.

కాసేపటికి ఆ ఇంటామె, రాజమ్మ గారు, కాఫీ గ్లాసులతో పైకి వచ్చింది. కాళ్లనొప్పుల మనిషి చకచకా మెట్లెక్కి వచ్చింది చూడండి! నేను పరీక్షకని ఒక సినిమా వేసి ఉన్నాను. ఆమె గ్లాసు నా చేతికిచ్చి నిలబడిపోయింది. తెర వంక చూడటం లేదు. తెర కింద గోడ వంక చూస్తోంది. నేనూ అటే చూశాను. నల్లరంగు మీద మసకమసకగా తెలుగు అక్షరాలు వచ్చి పోతున్నాయి. మహేశ్ వెతికి తెచ్చిన సబ్‌టైటిళ్లు అవి, అంటే పాత్రల మాటలు. సినిమాలో అవి వచ్చేది కింది నల్లపట్టీలోనే. కొడుక్కి మీటరు కనబడకపోతే ఫోన్ చేశాడు. తల్లికి మాటలే కనబడకపోతే నోరు మూసుకుని మెట్లు దిగిపోయింది.

ఆమె పెదాల కదలిక చూసి మాట పట్టుకుంటుంది. ఎదురుగా నిలబడి నిదానంగా అడిగాను. "చెప్పచ్చు గదమ్మా, అక్షరాలు కనపడలేదని?"

"ఎట్ల చెప్పేదమ్మా? నా కోసరమే ఇంత ఖర్చు పెట్టి కట్టించినాడు. కనపల్యా అంటే మనిషి ఇరిగిపోడా? నువ్వు కూడా ఆయనకు చెప్పాకు" అంది.

చెప్పేదేముంది, ఆయన ఆమె వెనకాలే కూర్చుని అంతా వింటున్నారు. కండువాతో ముఖం తుడుచుకున్నారు. నాకు ఆ బిగించినవాళ్ల మీద ఒళ్లు మండిపోయింది. ఇది బాగుచేయకుండా మదనపల్లెకు పోతే నా పేరు మార్చుకోవాలి అనుకున్నాను.

మందు ఒక్కటే, కస్టమ్ రిజల్యూషన్. రిజల్యూషన్ అంటే బొమ్మలో అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలో ఆ లెక్క. కంప్యూటర్‌కు ముందుగా వచ్చే లెక్కలను పక్కనపెట్టి, ఈ తెర ఆకారానికి సరిపోయే లెక్క మనమే రాసివ్వాలి. అడ్డం 3840, నిలువు 1600 అని రాశాను. తెరంతా నల్లబడి 'నో సిగ్నల్' అని వచ్చింది.

"పాయనా?" అని లేచారు కృష్ణప్ప గారు.

"పోలేదప్పా, అలిగింది. ఈ కొత్త లెక్క ప్రొజెక్టర్‌కు తెలియదు" అన్నాను.

బొమ్మను సర్దే పనిని, అంటే స్కేలింగ్‌ను, ప్రొజెక్టర్ నుంచి తీసి కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించాను. బొమ్మ వచ్చింది గాని హీరో ముఖం సొరకాయలాగా నిలువునా సాగింది. మహేశ్ పడీపడీ నవ్వాడు. ఈసారి 'నో స్కేలింగ్' పెట్టాను, సాగదీయకుండా ఉన్నది ఉన్నట్టు మధ్యలో చూపించమని. అంతే! కారు గేమ్ వేస్తే తెర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రోడ్డు పరుచుకుంది, స్పీడు మీటరు బుద్ధిగా తెరలోకి వచ్చి కూర్చుంది. మహేశ్ ఈల వేశాడు.

సినిమా వేస్తే ఇంకో తిరకాసు. బొమ్మ చిన్నదైపోయి చుట్టూ నలుపు మిగిలింది. సినిమా ఫైల్లోనే నల్లపట్టీలు కలిపి ఉన్నాయి మరి. ప్లేయర్‌లో క్రాప్ పెట్టి ఆ పట్టీలను కత్తిరించేశాను. బొమ్మ తెర నిండింది. దాని మీదే, కింది అంచుకు కాస్త పైన, తెల్లగా అక్షరాలు మెరిశాయి. రాజమ్మ గారు గట్టిగా చదివేసింది, బళ్లో పిల్లలు చదివినట్టు. కృష్ణప్ప గారు ఆమె ఎదుటికి వెళ్లి, "కాళ్లనొప్పి పాయనా?" అని అడిగారు.

"పొయ్యె, పొయ్యె. జరుగు, అడ్డమొస్తాండావు" అంది.

నేను ఎగిరి గంతేయలేదు గాని మనసులో డప్పులు మోగాయి. గోడ కొలిచే ముందు ఆ గదిలో కూర్చోబోయే ప్రతి మనిషినీ ఏం కనబడాలో అడగాలని నాకు తెలిసొచ్చింది ఆ ఇంట్లోనే. ఇప్పటికీ ఎక్కడికి వెళ్లినా టేపు తీయకముందు ఆ పనే చేస్తాను.

సాయంత్రం కుప్పం వాళ్లు దిగారు. నన్ను తినకుండా పోనివ్వలేదు, పట్టుబట్టి కూర్చోబెట్టారు. హాస్య సినిమా ఒకటి వేశారు. అక్కచెల్లెళ్లు ముగ్గురూ ముందు వరసలో కూర్చున్నారు, మధ్యలో రాజమ్మ గారు. తెర మీద అల్లుడు మామ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంకా నోరు తెరవలేదు, అతను చెప్పబోయే మాట అక్షరాల్లో ముందే వచ్చేసింది. రాజమ్మ గారు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. మిగతా ఇద్దరూ తెల్లమొహాలతో ఆమె వైపు తిరిగారు.

"ఏందే, యాల నవ్వుతాండావు? ఏమంటాండాడు వాడు?" అని భుజం పట్టుకుని కుదిపింది అక్క.

"ఉండుమే, ఇప్పుడు చెప్తాడు సూడు!" అంది రాజమ్మ గారు.