నెయ్యి గిన్నె పట్టుకున్న చెయ్యి

మా మేనత్త పోయిందని నెల్లిమర్ల నుంచి మావయ్య ఫోన్ చేసినప్పుడు నేను మగ్గం ముందు కూర్చుని ఎవరిదో పెళ్ళి జాకెట్టు మీద పూసలు కుడుతున్నాను. "మీ అత్త ఇంక లేదమ్మా" అన్నాడు, అంతే. సూది ఉన్నచోటే వదిలేసి లేచాను. ఆ సూది పట్టుకోవడం నేర్పింది ఆవిడే. మీరెవరూ ఆవిడ పేరు విని ఉండరు గానీ, మా వైపు పెళ్ళిళ్ళకి వచ్చినవాళ్ళైతే ఆవిడ పని ఏదో ఒక జాకెట్టు మీద చూసే ఉంటారు.

అత్తకి బోర్డు లేదు, కార్డు లేదు. ఆవిడ దుకాణమల్లా పెళ్ళి భోజనాల బంతే. ఎవరు పిలిచినా తను కుట్టుకున్న జాకెట్టు వేసుకుని వెళ్ళి, నెయ్యి గిన్నె పట్టుకుని వడ్డనకి దిగేది. కేటరింగ్ వాళ్ళు "మేం వేస్తాం కదండీ" అని మొత్తుకున్నా గిన్నె వదిలేది కాదు. నెయ్యే ఎందుకత్తా అని అడిగానొకసారి.

"పప్పేసినోలిని ఎవలు సూస్తారే? ఆకు సూసుకుంటారు. నెయ్యి కాడికొచ్చేసరికి పెతీ ఆడదీ సాలు సాలని సెయ్యి అడ్డం పెడతాది. అప్పుడు నా సెయ్యి సూడకుండా ఎక్కడికి పోతాది?" అంది.

అందుకే కుడి చేతి మీద పని ముచ్చటగా ఉండాలట. ఎడమ చెయ్యి ఎలాగూ పైట కిందకి పోతుంది కదా. నాకు నవ్వొచ్చింది గానీ, బంతి లేచేసరికి ఎవరో ఒకరు ఎంగిలి చేత్తోనే ఆవిడ కోసం వెతుక్కుంటూ వచ్చేవారు.

పెళ్ళై గరివిడి వెళ్ళాక నేనూ మగ్గం పెట్టాను. పని రాలేదు. ఎలా వస్తుంది? "ఈ జాకెట్టు నువ్వే చేశావా?" అని ఎవరైనా అడిగితే చాలు, సిగ్గుతో చచ్చిపోయి "ఏదో అలా కుట్టానండీ, అంత బాగా రాలేదు" అనేదాన్ని. బాగా రాలేదని నేనే చెబుతుంటే ఎవరిస్తారండీ? ఇంట్లోవాళ్ళు మగ్గం మీద తువ్వాళ్ళు ఆరెయ్యడం మొదలుపెట్టారు. దాన్ని అమ్మేసి ఏదైనా బట్టలకొట్లో చేరిపోదామని నిశ్చయించుకుని, ఆ మాట చెప్పడానికి నెల్లిమర్ల వెళ్ళాను.

ఏడ్చాను కూడా. అత్త కాఫీ ఇచ్చి, అంతా విని, అప్పుడు అందుకుంది.

"ఒసే, నిన్ను గొప్పలు సెప్పుకోమని ఎవలన్నారే? నువ్వు సేసినావా, లేదా? సేస్తే, నానే సేసినానని సెప్పి నోరు మూసుకో. ఆ పైన నువ్వేటి కలిపినా పాడే."

ఇంకొకళ్ళ పనికి వంకలు పెట్టొద్దంది. అలా పెడితే విన్నవాళ్ళకి నీ పని కాదు, నీ నోరు గుర్తుండిపోతుందట. ఫోన్లో ఫొటో పెట్టినా జాకెట్టొక్కటే పెట్టొద్దంది. "నువ్వూ కనపడాల అందులో. జాకెట్టుకి నోరున్నాదేటి, నీ పేరు సెప్పడానికి?"

తర్వాత మగ్గం మీదున్న ఆకుపచ్చ పట్టుగుడ్డ చూపించింది. పాతపట్నంలో చుట్టాల పెళ్ళికి తన కోసం కుట్టుకుంటున్న జాకెట్టు అది. "ఎడం సెయ్యి నాను కుడతాను. కుడి సెయ్యి నువ్వు కుట్టు" అంది.

"పాడైపోతేనో అత్తా?"

"ఏసుకునేది నాను కదే, నీకేటి?"

పాతపట్నం బంతిలో ఆ కుడి చెయ్యి ఆకు ఆకుకీ ఆగుతూ నెయ్యి వేసుకుంటూ వెళ్ళింది. వెనకాల పులుసు బాల్చీతో నేను. ఒకావిడ అత్త చెయ్యి పట్టుకుని ఆపి "ఎవలు సేసినారమ్మా ఇది?" అంది. అత్త పందిరంతా వినపడేలా "మా మేనకోడలు గుంట! గరివిడిలో ఉంటాది. అదిగో, పులుసట్టుకుని నా ఎనకాల దాక్కుంటన్నాది సూడు!" అంది. భూమిలోకి కూరుకుపోయాననుకోండి. ఆవిడ కూతురి పెళ్ళి జాకెట్టే నాకొచ్చిన మొదటి పని. మా ఇంట్లో మగ్గం మీద మళ్ళీ తువ్వాలు ఆరలేదు. ఈ రోజు నన్ను నలుగురూ పనిమంతురాలంటున్నారంటే అది ఆవిడ చలవే.

మొన్న పెద్దకార్యం నాడు మావయ్య ఆ ఆకుపచ్చ జాకెట్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మా అమ్మ కంగారు పడింది. "ఇయ్యాల పూసల జాకెట్టేటి? నలుగురూ ఏటనుకుంటారు?"

"ఏసుకోనీ సెల్లెమ్మా. నెయ్యి ఇంకెవలైనా ఏస్తే మీ వదిన ఊరుకుంటాదేటి?" అన్నాడు మావయ్య. అని, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

వేసుకుంటున్నప్పుడు చూశాను. ఎవరికీ కనపడని ఎడమ చేతి మీద కూడా అత్త ఒక్క పువ్వు తగ్గించలేదు. కనపడే చెయ్యేమో నాకిచ్చింది.

గిన్నె పట్టుకుని బంతిలోకి వెళ్ళాను. చివరాకు దగ్గర ఎవరో దూరపు చుట్టం సాలు సాలంటూ చెయ్యి అడ్డం పెట్టి, అలాగే ఆగిపోయింది. "ఈ పనెవలిదమ్మా?"

"నానే సేసినాను" అన్నాను. ఇంకేమీ కలపలేదు.

తర్వాత గిన్నె కింద పెట్టి, పైట పక్కకి తీసి, ఎడమ చెయ్యి ఆవిడ ముందుకి చాపాను.