నర్సీపట్నంలో పది పీరియడ్లు

నాకు మొదటి ఉద్యోగం వచ్చిన ఏడాది, ఎనభైల మొదట్లో, వానాకాలంలో ఒక సోమవారం నాన్నా నేనూ నర్సీపట్నంలో ఏడున్నర గంటలు చిక్కుకుపోయాం. ఉద్యోగం కొండ మీద, చింతపల్లి దాటాక, గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో టీచరుగా. ఆ రోజే చేరాలని ఆర్డరులో ఉంది. నక్కపల్లిలో మొదటి బస్సు ఎక్కి ఎనిమిదిన్నరకి నర్సీపట్నంలో దిగాం. రాత్రి వానకి ఘాట్ రోడ్డు మీద చెట్లు పడ్డాయనీ, అవి తీశాక బస్సు నాలుగింటికి వెళ్తుందనీ ఎంక్వయిరీ కిటికీలోంచి చెప్పారు.

నాన్న మా ఊరి మిషన్ స్కూలు హెడ్‌మాస్టరు. ఇరవై ఆరేళ్ళుగా అదే స్కూలు. జ్వరాన్నీ, చుట్టాలనీ, ఇన్‌స్పెక్షన్లనీ ఆయన ఓర్చుకోగలరు గానీ ఖాళీగా కూర్చున్న మనిషిని ఓర్చుకోలేరు. ఆర్డరు వచ్చిన కవరు జేబులోంచి తీసి దాని వెనక లెక్క వేశారు.

"నలభై అయిదు నిమిషాల పీరియడ్లు పది పడతాయి" అన్నారు.

"బస్సు రాదుగా నాన్నా, ఇక్కడ కూర్చుందాం" అన్నాను.

"కూకుంటే బస్సు బేగి వస్తాదేటి?"

స్కూల్లో పిల్లలు 'సెప్పండి' అంటే 'చెప్పండి' అని దిద్దేవారు. ఇంట్లో మాత్రం ఆయనే 'సెప్పు' అనేవారు. రెండు చోట్లా అది సరైనదేనని ఆయన అభిప్రాయం.

కవరు మీద టైంటేబిలు రాశారు. మొదటి పీరియడు ప్రార్థన, గొడుగు బాగుచేయించడం. రెండోది నా సర్టిఫికెట్లకి టైపు కాపీలు. మూడోది ఫోటో. ఆ తర్వాత భోజనం దాకా ఊరు చూడటం, దానికి ఆయన పెట్టిన పేరు భూగోళం. మధ్యాహ్నం మిగిలిన పీరియడ్లన్నీ ఒకే విషయానికి: కొండ మీద హెడ్‌మిస్ట్రెస్ గారితో ఏం మాట్లాడాలో నెమరు వేసుకోవడం. మాట్లాడేది ఆయన. నేను పక్కన నిలబడాలి.

"నువ్వేం మాట్లాడకమ్మా. నాను సెప్తాను" అని బస్సులోనే నాలుగు సార్లు అన్నారు. చెప్పవలసినవి మూడు విషయాలు. ఎవరైనా పెద్ద వయసు టీచరమ్మ గదిలో నన్ను ఉంచాలి. నెలకొక ఆదివారం మా చర్చికి పంపాలి. మూడు నెలల్లో కిందికి బదిలీ కోసం పై ఆఫీసుకి సిఫారసు చెయ్యాలి. నన్ను కొండ మీద వెయ్యడం ఎవరో గుమాస్తా చేసిన పొరపాటని నాన్న నమ్మకం.

అది పొరపాటు కాదు. దరఖాస్తులో ఏజెన్సీ ప్రాంతం దగ్గర టిక్కు పెట్టింది నేనే. ఆ సంగతి నాన్నకి చెప్పడానికి రెండు నెలల నుంచి వీలు దొరకలేదు. నాన్న ఎదురుగా ఉన్నప్పుడు మరొకరికి మాట్లాడే వీలు దొరకడం మా ఇంట్లో అరుదు.

సామాను ఒక రేకు పెట్టె, ఒక పరుపు చుట్ట. వాటిని మోసుకుని భూగోళం కుదరదు. బస్టాండు గేటు పక్కన పనసతొనలు అమ్ముకునే ఒక పెద్దామె కూర్చుని ఉంది. చూస్తూ ఉండమని నాన్న అడిగారు.

"నానుండే దాకా సూస్తాను బాబూ. పళ్ళయిపోతే ఎల్లిపోతాను" అందామె. తర్వాత నాన్న మొహంలోకి చూసింది. "ఏటి బాబూ, సెంప అలాగుబ్బిపోనాది?"

"ఏం లేదు" అన్నారు నాన్న.

ఉంది. కింది దవడలో ఒక పన్ను ఆయన్ని ఉగాది నుంచీ బాధపెడుతోంది. లవంగం పెట్టుకుని పాఠం చెప్పేవారు. మా స్కూల్లో అయిదో తరగతికి లవంగం వాసన వచ్చేది. పీకించుకోమని అమ్మ అంటే, టైము లేదనేవారు.

"పీకించీండి బాబూ. ఆ మందుల కొట్టు పక్క సందులో పళ్ళ డాక్టరున్నాడు. నా కోడలికి పీకినాడు, మంచిగా పీకినాడు" అందామె.

నాన్న విననట్టు నడిచారు.

గొడుగు పావుగంటలో బాగైంది. టైపు కాపీలు అరగంట. దానితో టైంటేబిల్లో చాలా భాగం మిగిలిపోయింది, అది నాన్నని ఇబ్బంది పెట్టింది. స్టూడియోలో నాకు చిన్న ఫోటో తీయించాక, పీరియడు ఇంకా ఉందని ఇద్దరికీ కలిపి ఒకటి తీయించారు. వెనక తెర మీద సరస్సు, రెండు హంసలు. నవ్వమని ఫోటోగ్రాఫరు అడిగాడు. నాన్న నవ్వలేదు, నవ్వితే పన్ను నొప్పి. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో ఆయన ఎడమ చెంప హంస కంటే స్పష్టంగా కనిపిస్తుంది.

తర్వాత భూగోళం. మెయిన్ రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాం, మళ్ళీ ఆ చివరి నుంచి ఈ చివరికి. కొండ మీద నుంచి నిన్న దిగిన బస్సు ఒకటి షెడ్డు ముందు ఆగి ఉంది, దాని నెత్తిన విస్తర్లు కుట్టే అడ్డాకుల కట్టలు తడిసిపోయి ఉన్నాయి. అప్పటికి పదింపావు. ఇంక చూడటానికి ఊళ్ళో మేం చూడనిది ఏమీ కనబడలేదు. నాన్న నడక తగ్గింది. మందుల కొట్టు పక్క సందు మొదట్లో ఆగారు.

"బస్సుకి ఇంకా అయిదుముప్పావు గంటలుంది" అన్నారు. "ఊరికే పోనివ్వడం దేనికి."

డాక్టరు గది ముందు అద్దాల పెట్టెలో ఒక కట్టుడు పళ్ళ సెట్టు ఉంది. లోపల డాక్టరు మా అన్నయ్య వయసువాడు, నెమ్మదస్తుడు. నోరు తెరిపించి చూసి, ఇన్ని నెలలు ఎలా భరించారండీ అని అడిగాడు. నాన్న నోరు తెరిచే ఉంది కాబట్టి జవాబు చెప్పలేకపోయారు. వేళ్ళు వంకరగా ఉన్నాయనీ, తీయడానికి కాస్త సమయం పడుతుందనీ డాక్టరు అన్నాడు. ఎంత సేపో నాన్న వేళ్ళతో అడిగారు. గంట. నాన్న గడియారం చూసుకుని తల ఊపారు. ఒక పీరియడు, పైన పావుగంట. సరిపోయింది.

నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపలి నుంచి నాన్న గొంతు రాలేదు, డాక్టరు గొంతే వచ్చింది. "అయిపోయిందండీ", "ఇంకొక్క నిమిషమండీ", "అయిపోవచ్చిందండీ" అని చాలా సేపు వచ్చింది. నాకు భయం వేసింది. నాన్నకి ఎప్పుడూ ఏమీ కాలేదు. ఆయనకి ఏమైనా కావడం నాకు అలవాటు లేదు.

పన్నెండుకి ఒక పది నిమిషాలు ముందు బయటికి వచ్చారు. నోట్లో దూది, కళ్ళలో నీళ్ళు, చేతిలో కాగితంలో చుట్టిన పన్ను. డాక్టరు వెనకే వచ్చి నాతో చెప్పాడు.

"కుట్టు వేశానమ్మా. రేపు పొద్దున్న దాకా మాట్లాడకూడదు. మాట్లాడితే రక్తం ఆగదు."

నాన్న డాక్టరు వైపు తిరిగి ఏదో అనబోయారు.

"అదేనండీ, అలా అనకూడదు" అన్నాడు డాక్టరు.

సందులో నిలబడి నాన్న జేబులోంచి కవరు తీశారు. టైంటేబిలు కింద కొంచెం చోటు ఉంది. 'హెడ్‌మిస్ట్రెస్?' అని రాశారు.

"నేను మాట్లాడతాను నాన్నా" అన్నాను.

ఆయన ఆ మాట మీద సందు చివరి దాకా ఆలోచించారు.

భోజనం హోటల్లో ఆకు ముందు ఆయన కూడా కూర్చున్నారు. నేను తింటున్నంత సేపూ చూశారు. చల్లని మజ్జిగ ఒక పక్క నుంచి తాగారు. కవరు మీద 'పప్పు ఎలా ఉంది' అని రాసి నా వైపు జరిపారు. బావుందన్నాను. 'ఉప్పు?' అని రాశారు. సరిపోయిందన్నాను. ఆయన సంతృప్తిగా తల ఊపి కవరు మడిచి దాచారు.

ఒంటిగంటకి బస్టాండుకి తిరిగి వచ్చాం. పనసతొనల ఆమె ఇంకా ఉంది, బుట్టలో నాలుగు తొనలున్నాయి.

"పీకించీసినారా బాబూ?" అని అడిగింది. నాన్న తల ఊపారు. "మంచి పన్జేసినారు. మాటాడొద్దన్నాడా? నా కోడలికీ అలాగే సెప్పినాడు. ఆ రోజు ఇంట్లో సుకంగా ఉన్నాది."

ఆ నాలుగు తొనలూ నేను కొన్నాను. ఆమె బుట్ట దులుపుకుని వెళ్ళిపోయింది.

పెట్టె మీద నేను, పరుపు చుట్ట మీద నాన్న కూర్చున్నాం. నాలుగు పీరియడ్లు మిగిలాయి. నెమరు వేసుకోవలసిన మనిషికి మాట లేదు. ఎదురుగా వాన పట్టుకుంది. నా ఇరవై రెండేళ్ళలో నాన్న పక్కన అంత సేపు నిశ్శబ్దంగా కూర్చోవడం అదే మొదలు. కొంతసేపటికి, ఎవరూ అడగకుండానే, నేను మాట్లాడటం మొదలుపెట్టాను. ముందు ట్రైనింగు కాలేజీ హాస్టలు గురించి. తర్వాత అక్కడ నాకు లెక్కలు చెప్పిన మేడమ్ గురించి. ఆయన వింటున్నారు. మధ్యలో దిద్దడం లేదు. అది నాకు ధైర్యమో, మత్తో, ఏదో ఇచ్చింది.

"నాన్నా, ఏజెన్సీ కావాలని రాసింది నేనే" అన్నాను. "గుమాస్తా కాదు."

ఆయన పెన్ను తీశారు. 'ఎందుకు?' అని రాశారు. అక్షరాలు మామూలు కంటే పెద్దవిగా పడ్డాయి.

"మన ఊళ్ళో ఉంటే మీ స్కూల్లోనే చేరుస్తారు కదా. నేను ఎంత బాగా చెప్పినా హెడ్‌మాస్టారి అమ్మాయి చెప్పిందంటారు. చెడగొట్టినా అంతే. ఒకసారి ఎవరికీ తెలియని చోట చెప్పి చూడాలనుంది. వస్తుందో రాదో."

నాన్న పెన్ను మళ్ళీ కవరు మీద పెట్టారు. పెట్టిన చోట సిరా చుక్క పెద్దదైంది. పెన్నుకి మూత పెట్టి వాన వైపు చూశారు. మూడున్నర దాకా అటే చూశారు. ఆయనకి కోపం వచ్చిందా, పన్ను నొప్పి మొదలైందా అన్నది మొహం చూసి చెప్పడానికి లేదు, ఒక వైపు పూర్తిగా తిమ్మిరెక్కి ఉంది. నాకు మాత్రం ఏడుపు వచ్చినంత పనైంది. ఆపుకోవడానికి పనసతొనలు తిన్నాను, నాలుగూ.

బస్సు చెప్పిన వేళకే బయలుదేరింది. ఘాట్ మీద నరికిన కొమ్మల మధ్య నుంచి మెల్లగా వెళ్ళింది. ఆరున్నర దాటాక బడి ముందు దిగాం, ఇంకా కొంచెం వెలుతురుంది. హెడ్‌మిస్ట్రెస్ గారు బడి పక్కనే క్వార్టర్సులో ఉంటారు. నడివయసు మనిషి, చేతిలో లాంతరు గ్లాసు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. నేను ఆర్డరు చేతికిచ్చి, చెట్లు పడిన సంగతీ, నాన్న పన్ను సంగతీ చెప్పాను. మాటలు వరసగానే వచ్చాయి.

"ఈ రోజు మధ్యాహ్నం చేరినట్టు రాసుకుందాం లెండి" అన్నారామె. "కింద నుంచి వచ్చిన వాళ్ళు ఇక్కడ నిలవరమ్మా. పిల్లలకి పేర్లు కూడా తెలియకుండానే వెళ్ళిపోతారు. మీరెన్నాళ్ళుంటారు? ఉన్నమాట చెప్పండి."

నేను నోరు తెరిచే లోపల నాన్న చెయ్యి లేచింది. మూడు వేళ్ళు చూపించారు.

"మూడేళ్ళండీ" అన్నాను.

ఆమె ఇద్దరి వైపూ చూసి, "పెద్దాయన కూడా అంటున్నారు కాబట్టి నమ్ముతాను" అని లాంతరు వెలిగించడానికి లోపలికి వెళ్ళారు.

నాన్న కాగితం కోసం అన్ని జేబులూ వెతికారు. కవరు నిండిపోయింది. చివరికి పన్ను చుట్టిన కాగితం విప్పి, పన్ను నా చేతిలో పెట్టి, 'నెలలు' అని రాశారు.

"తెలుసు నాన్నా" అన్నాను.

ఆ రాత్రి ఆయన బడి వరండాలో పడుకున్నారు. పొద్దున్న నేను లేచి వెళ్ళేసరికి దూది తీసేసి, మొహం కడుక్కుని, హెడ్‌మిస్ట్రెస్ గారి ఎదుట కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నారు. వాపు వల్ల మాట ముద్దగా వస్తోంది, అయినా ఆగడం లేదు. మూడేళ్ళ విషయం సరిచేస్తున్నారనుకుని తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఆయన మాట్లాడుతున్నది రెండో తరగతి గది కప్పు గురించి. అక్కడ కారుతోందట, పొద్దున్నే చూశారట. నల్లబల్ల ఎత్తు ఎక్కువగా ఉందనీ, చిన్నపిల్లలకి అందదనీ, అరడుగు దించమనీ చెప్తున్నారు. ఆమె రాసుకుంటున్నారు.

కిందికి వెళ్ళే మొదటి బస్సు దగ్గరికి నేను తోడు వెళ్ళాను. మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగారు.

"అమ్మకేటి సెప్పమన్నావు?"

"ఉన్నదే చెప్పండి."

"మూడేళ్ళనా?"

"అవున్నాన్నా."

"సరే. కింద కంటే ఇక్కడ సలి ఎక్కువ. రగ్గు పంపిస్తాను" అన్నారు. బస్సు కదిలాక కిటికీలోంచి మళ్ళీ తల బయటపెట్టారు. "ఆ నల్లబల్ల దించారో లేదో రాయి."

పది రోజుల్లో రగ్గు వచ్చింది. నల్లబల్ల దించడానికి దసరా దాటింది. నేనక్కడ ఎనిమిదేళ్ళు ఉన్నాను.