పది సెకన్ల చప్పుడు

దయ్యాలంటే నాకు నవ్వు. శ్మశానం పక్కనుంచి ఒంటరిగా వెళ్లమంటే ఇప్పటికీ వెళ్తాను. ఇది భయంతో రాయడం లేదు. నా మీద నాకున్న అసహ్యంతో రాస్తున్నాను.

లాక్‌డౌన్‌లో సూరత్ కార్ఖానాలన్నీ మూతపడ్డాయి. అక్కడే భేస్తాన్ పేటలో ఒకే గదిలో ఆరుగురం. పొద్దుపోక మా జిల్లా సాంచాల వాళ్లం వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. సాంచా అంటే మరమగ్గం. దాని చప్పుడు వింటే చాలు, ఏం చెడిందో చెప్పేస్తాం. అదే మా ఆట. పాత వీడియోలోంచి పది సెకన్ల చప్పుడు పెడితే రోగం చెప్పాలి. కొత్తగా చేరినవాళ్లకు మాత్రం మిక్సీదో కుక్కర్‌దో పెట్టేవాళ్లం. వాడు బుర్ర గోక్కుని "బేరింగ్ పోయింది" అనేవాడు. ఇక ఆ రోజంతా వాడే మాకు బకరా.

అప్పుడే మా గదిలో రాజేశం కాకకు జ్వరమొచ్చింది. నాకు సాంచా నేర్పింది ఆయనే. మూడోరోజుకు ఊపిరి గరగరమంది. అదే రోజు గ్రూపులో కొత్తవాళ్లు చేరారు. నేను కాక నోటి దగ్గర ఫోన్ పెట్టి రికార్డు చేసి, "ఇదేం రోగమో చెప్పుండ్రి" అని పెట్టాను.

రాయడానికే రోత పుడుతోంది.

"ఎండిపోయింది, జర ఆయిల్ పొయ్యుండ్రి" అన్నాడొక కొత్తవాడు. గదిలో ఐదుగురం పడీపడీ నవ్వాం.

"ఏందిరా, గంత నవ్వుతున్నరు?" అని అడిగాడు కాక.

"ఏం లేదు కాకా" అన్నాను.

కాసేపటికి ఇంకో కొత్త నంబరు నుంచి వచ్చింది: "అది సాంచా కాదు, మనిషి. రేపు పన్నెండింటికి బంద్ పడ్తది. ఇయ్యాల్నే దవాఖానకు తీస్కపోండ్రి."

"గీ బకరా హుషారున్నడు" అని అందరూ మెచ్చుకున్నారు. నేనూ బొటనవేలు బొమ్మ పెట్టాను. కాకను ఎక్కడికీ తీసుకెళ్లలేదు.

మరునాడు నేను గంజి కలుపుతుండగా గరగర ఆగిపోయింది. ఫోన్‌లో సరిగ్గా పన్నెండు.

ఆ నంబరుకు చేస్తే, అలాంటి నంబరే లేదంది. గ్రూపు నడిపే శ్రీను ఆ రోజు తాను చేర్చింది ముగ్గురినేనని ఒట్టేశాడు. ముగ్గురితోనూ మాట్లాడాను. వాళ్లలో ఎవరిదీ ఆ నంబరు కాదు. గదిలో వాళ్ల ఫోన్లన్నీ వెతికాను, ఎవరి ఆకతాయితనమూ కాదు.

ఆ రాసింది ఎవరో, ఆ గడియ ఎలా తెలిసిందో నేటికీ నాకు అంతుపట్టలేదు. అది మనిషి ఊపిరని తెలిసిన మేం ఐదుగురం నవ్వాం. మనిషి అన్నది మాత్రం ఆ ఎవరో ఒక్కరే.