పిడికెడు కొసరు

నాకు కోపమొస్తే గొంతు ఆగదు. పోయిన ఎండకాలం మా కాగజ్‌నగర్ అంగడిల గదే అయింది.

పల్లీలు అమ్మే ఆయన ఎప్పుడూ ఒక గుండ్రటి డబ్బాతోని కొలిచి, డబ్బాకు ఎనభై రూపాయలు తీసుకుంటడు. ఆ రోజు దాని పక్కన అసొంటిదే గుండ్రటి సన్న డబ్బా ఒకటి పెట్టిండు. ఎత్తు అంతే ఉంది, వెడల్పు మాత్రం సగం. "సగం డబ్బా, సగం ధర. నలభై" అన్నడు. పైనుంచి పిడికెడు కొసరు వేస్తుండు. ఆడోళ్లంతా ఎగబడి కొంటున్నరు.

నాకు ఒళ్లు మండింది. సన్న డబ్బాతోని పల్లీలు ముంచి పెద్ద డబ్బాల పోసిన. రెండు పోస్తే సగానికే వచ్చినయి. నాలుగోది పోస్తేగని నిండలే.

"వెడల్పు సగమైతే పట్టేది సగం కాదు, పావు. ఇరవై తీసుకోవాలె, నలభై ఎట్ల తీసుకుంటవ్?" అని అడిగిన.

ఆయన తల వంచుకొని పల్లీలు కొలుస్తనే ఉన్నడు. జవాబు నా వెనకనుంచి వచ్చింది. "ఏం లొల్లి అక్కా, కొసరు వేస్తుండు కదా" అన్నది ఒకామె.

నాతోని వచ్చిన పక్కింటి రజియా ఆపా అయినా నా దిక్కు మాట్లాడుతదనుకున్న. ఆమె సంచి ముందుకు చాపి, "నువ్వు జర జరుగు. భాయ్, నాకు గా సన్న డబ్బాతోనే రెండు పోయ్, రెండుసార్లు కొసరు వస్తది" అన్నది.

పెద్ద డబ్బా పైసలిచ్చి, సగం డబ్బా పల్లీలతోని ఆపా ఇల్లు చేరేదాక సంబురపడ్డది. పల్లీలాయన మీద కోపం ఆ రోజే పోయింది. కొసరు మీద ఇంకా పోలే.